వాలెరీ ఆడమ్స్ కేసు: ఒక త్రోస్ కోచ్ రాసుకున్నది

మా గ్రౌండ్‌లో కొత్తగా షాట్‌పుట్ గుండు పట్టుకున్న ప్రతి పిల్లా అడిగే మొదటి ప్రశ్న, "వరల్డ్ రికార్డు ఎంత సార్?" అని. 22.63 అని చెప్తాను. 1987 జూన్‌లో మాస్కోలో నటాల్యా లిసోవ్‌స్కాయా వేసింది, అప్పటికి ఈ పిల్లల అమ్మానాన్నలకి పెళ్ళిళ్ళు కూడా అయ్యుండవు. ఆ అంకె వినగానే మొహాలు వాడిపోతాయి. పన్నెండు, పదమూడు మీటర్లు వేసే పిల్లకి 22.63 అంటే పక్క ఊరికి వేయమన్నట్టే ఉంటుంది. అందుకే కొన్నేళ్ళుగా ఆ ప్రశ్నకి రికార్డు చెప్పి వదిలేయడం మానేశాను, న్యూజిలాండ్ అమ్మాయి వాలెరీ ఆడమ్స్ కథ కూడా చెప్తున్నాను. చెప్పీ చెప్పీ నాకే కొన్ని సంగతులు తేటపడ్డాయి, తోటి కోచ్‌లకి పనికొస్తాయేమోనని ఇలా రాస్తున్నాను.

ముందు అంకెలు. ఆమె జీవితంలో వేసిన అతి దూరం 21.24 మీటర్లు. ఆల్‌టైమ్ జాబితాలో దాని పైన చాలా పేర్లున్నాయి, ఎక్కువ భాగం 70లు, 80ల నాటి సోవియట్, తూర్పు జర్మనీ వాళ్ళవి. డోపింగ్ రాజ్యమేలిన ఆ కాలం ఎలాంటిదో మన ఫీల్డులో అందరికీ తెలుసు కాబట్టి ఇక్కడ తవ్వను. ఇప్పుడు పతకాలు చూడండి. ఐదు ఒలింపిక్స్, నాలుగు పతకాలు, అందులో రెండు బంగారం. 2007, 2009, 2011, 2013 నాలుగుసార్లూ వరసగా ప్రపంచ చాంపియన్, అథ్లెటిక్స్‌లో వ్యక్తిగత ఈవెంట్‌లో వరసగా నాలుగు గెలిచిన మొదటి మహిళ. ఇండోర్‌లో ఇంకో నాలుగు ప్రపంచ టైటిళ్ళు. కామన్వెల్త్‌లో మూడు స్వర్ణాలు, అందులో ఒకటి 2010లో మన ఢిల్లీలోనే, అది టీవీలో చూసిన గుర్తు నాకు బాగా ఉంది. 2014లో ప్రపంచ ఉత్తమ అథ్లెట్ అవార్డు కూడా.

అంటే ఆమె రికార్డు మనిషి కాదు, నికరం మనిషి. ఏ రోజు, ఏ ఊళ్ళో, ఏ వాతావరణంలో దింపినా 20 మీటర్ల చుట్టుపక్కల గుండు పడుతుంది, అది చాలు. నేను ఈ కేసులో వెతికింది ఆ నికరం ఎక్కడి నుంచి వచ్చిందనే.

చాలామంది చెప్పే జవాబు ఒళ్ళు. ఆరడుగుల నాలుగంగుళాలు, 193 సెంటీమీటర్లు, ఆజానుబాహువు అంటామే అలాంటి మనిషి. తండ్రి ఇంగ్లండ్ నుంచి వచ్చి రోటొరువాలో స్థిరపడ్డ మాజీ నావికుడు, తల్లి టోంగా దీవుల మనిషి. తండ్రికి ఐదుగురు స్త్రీలతో మొత్తం పద్దెనిమిది మంది పిల్లలు, ఆ సంతానంలోనే ఎన్‌బీఏ బాస్కెట్‌బాల్ ఆడే స్టీవెన్ ఆడమ్స్ కూడా ఉన్నాడు. కాబట్టి రక్తంలో ఉంది, కాదనను. అంత మనిషి అయితే ఎవరైనా వేస్తారు అని మా తోటి పీఈటీ ఒకాయన తేల్చిపారేస్తే మాత్రం ఒప్పుకోలేక ఇంటికొచ్చి కాగితం మీద లెక్క వేశాను.

గుండు సుమారు 37 డిగ్రీల కోణంలో, నేల నుంచి 2.2 మీటర్ల ఎత్తులో చేతి నుంచి వదిలిందనుకుందాం. వేగం సెకనుకి 13 మీటర్లుంటే అది 19.1 దగ్గర పడుతుంది. వేగం 13.5 అయితే 20.4 దగ్గర. అర మీటరు వేగానికి 1.3 మీటర్ల దూరం. అదే వేగం అలాగే ఉంచి వదిలే ఎత్తు 20 సెంటీమీటర్లు పెంచితే వచ్చేది మహా అయితే ఇంకో 20 సెంటీమీటర్లు. పొడుగు మనిషికి గుండుని తోసుకుంటూ వచ్చే దారి కూడా పొడుగే, ఆ లాభం ఇందులో లేదు, అది వేరే లెక్క. కానీ అసలు పని వేగానిది, ఆ వేగం 2.135 మీటర్ల వ్యాసమున్న సర్కిల్ లోపల, సెకను తిరిగేలోపు పుట్టాలి. కానీ ఆ 20 సెంటీమీటర్లని కూడా తీసిపారేయొద్దు, రియో ఒలింపిక్స్ దగ్గరికి వచ్చినప్పుడు అది మళ్ళీ కనిపిస్తుంది.

పద్నాలుగేళ్ళ వయసులో, 1998లో, కిర్‌స్టెన్ హెలియర్ అనే ఒకప్పటి జావెలిన్ త్రోయర్ చేతికి ఈ అమ్మాయి చిక్కింది. 2000లో తల్లి క్యాన్సర్‌తో పోయింది, వాలెరీకి అప్పటికి ఇంకా పదహారు కూడా నిండీ నిండలేదు. ఆ మరుసటి ఏడు, 2001లో, హంగరీలోని డెబ్రెత్సెన్‌లో ప్రపంచ యూత్ చాంపియన్. 2002లో కింగ్‌స్టన్‌లో 17.73 వేసి ప్రపంచ జూనియర్ చాంపియన్. ఈ అంకె దగ్గర కాసేపు ఆగాలి. 2023 హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మన కిరణ్ బలియాన్ 17.36కి కాంస్యం తెచ్చింది, మహిళల షాట్‌పుట్‌లో 1951 తర్వాత మనకొచ్చిన పతకం అదే, మనమంతా పండగ చేసుకున్నాం, చేసుకోవాల్సిందే. వాలెరీ అంతకన్నా దూరం పదిహేడేళ్ళకే వేసింది. కిరణ్‌ని తక్కువ చేయడానికి చెప్పడం లేదు, పద్నాలుగు నుంచి పదిహేడు మధ్య జరిగే పని ఎంత పెద్దదో, అక్కడే మనం ఎంతమందిని చేతులారా వదిలేసుకుంటున్నామో చూపించడానికి చెప్తున్నాను. టెన్త్ పరీక్షలని గ్రౌండ్ మానిపించిన పిల్లల పేర్లు రాస్తే నా దగ్గర ఒక నోటుబుక్కు నిండుతుంది.

2004 ఒలింపిక్స్ షాట్‌పుట్‌ని ఏథెన్స్‌లో పెట్టలేదు, ప్రాచీన ఒలింపియా మైదానంలో పెట్టారు. పాత రోజుల్లో ఆడవాళ్ళని రానివ్వని చోట మొదటిసారి ఆడవాళ్ళు పోటీ పడ్డారు. వాలెరీ కొద్ది వారాల ముందే అపెండిక్స్ ఆపరేషన్ చేయించుకుని వెళ్ళింది, పతకం రాలేదు. గెలిచిన రష్యన్ ఆమె డోపింగ్‌లో దొరికితే ఆ స్వర్ణం రద్దు చేశారు. మా దగ్గర పిల్లలకి అపెండిక్స్ తీస్తే మూడు నెలలు బకెట్ నీళ్ళు కూడా మోయనివ్వరు, ఆమె 4 కేజీల గుండు పట్టుకుని ఒలింపిక్ ఫైనల్‌కి వెళ్ళింది. ఇది మీ పిల్లలతో చేయించమని చెప్పడం లేదు, దయచేసి చేయించకండి.

2007 ఒసాకా నుంచి అసలు కథ. ప్రపంచ చాంపియన్‌షిప్ ఫైనల్లో బెలారస్ త్రోయర్ నద్జేయా ఓస్తాప్‌చుక్ 20.48తో ముందుంది. ఆఖరి రౌండ్‌లో వాలెరీ 20.54 వేసింది. తేడా ఆరు సెంటీమీటర్లు, అరచేతి వెడల్పు కూడా లేదు. ఆరో త్రోకి అందరి ఒళ్ళూ అలసిపోయి ఉంటుంది, బుర్ర అంతకన్నా ఎక్కువ అలసిపోయి ఉంటుంది, ఆ సమయంలో ఇంకా గట్టిగా వేయాలని భుజం బిగిస్తే గుండు ముందుకి పోకుండా పక్కకి జారిపోతుంది. గ్లైడ్, అంటే సర్కిల్‌లో వెనక్కి జారుతూ వచ్చి వేసే పద్ధతి, వాడేవాళ్ళకి ఇది మరీ ముఖ్యం. వాలెరీ గుండ్రంగా తిరిగి వేసే స్పిన్ వైపు పోలేదు, గ్లైడ్‌తోనే గెలిచింది. గ్లైడ్‌లో వీపు సెక్టార్ వైపు పెట్టి వంగి, ఎడమకాలు సర్కిల్ ముందుండే స్టాప్ బోర్డు వైపు విసిరి, కుడికాలుని సర్కిల్ మధ్యకి లాక్కొస్తారు. కుడికాలు దిగిన క్షణంలో పై ఒళ్ళు ఇంకా వెనక్కే చూస్తూ ఉండాలి. తొందరపడి తల ముందే తిప్పేస్తే నడుము నుంచి వచ్చే బలమంతా గాలికి పోయి ఇక చెయ్యి ఒక్కటే మిగులుతుంది. మా పిల్లల్లో పదిమందికి ఎనిమిదిమంది పోటీ రోజున చేసే తప్పు ఇదే. ప్రాక్టీసులో చక్కగా ఆగుతారు, పక్క జిల్లా పిల్ల తమకన్నా దూరం వేసిందని మైకులో వినగానే తల తిరిగిపోతుంది, రెండర్థాల్లోనూ.

2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో దీనికి తిరగేసి చేసింది. మొదటి త్రోనే 20.56, అప్పటికి ఆమె జీవితంలోనే పెద్దది, మిగతావాళ్ళంతా ఆ రాత్రి దాని వెనకే పరిగెత్తి అందుకోలేకపోయారు. మొదటి త్రోతోనూ గెలవగలదు, ఆఖరి త్రోతోనూ గెలవగలదు అన్నమాట. నికరం అంటే నా ఉద్దేశం ఇదీ.

పాత రిజల్టు షీట్లు వెతికేవాళ్ళకి ఒక మాట, 2010 దాకా ఆమె పేరు వాలెరీ విలి అని కనిపిస్తుంది, అది మొదటి పెళ్ళి నాటి ఇంటిపేరు. తెలియక ఇద్దరు వేరే మనుషులనుకుని నేను ఒక సాయంత్రమంతా తికమకపడ్డాను.

ఆ 2010 సంవత్సరమే నన్ను అన్నిటికన్నా ఎక్కువ ఆలోచింపజేసింది. పెళ్ళి ముగిసింది. అదే ఏడాది, పన్నెండేళ్ళుగా ఉన్న హెలియర్‌తోనూ విడిపోయింది. యూత్, జూనియర్, సీనియర్ ప్రపంచ టైటిళ్ళు, ఒలింపిక్ స్వర్ణం, అన్నీ ఆ కోచ్ దగ్గరే వచ్చాయి, పైగా తల్లి పోయిన పిల్లకి ఆమె ఇంటి మనిషిలాంటిది. అన్నీ బాగున్నప్పుడు, ఇరవై అయిదేళ్ళకి, ఇంత సెట్టయిన ఏర్పాటుని ఎవరు వదులుకుంటారు? వదులుకుంది. ఆ ఏడాది చివర్లో భూగోళానికి అటువైపున్న స్విట్జర్లాండ్‌కి, జాన్-పియర్ ఎగ్గర్ దగ్గరికి వెళ్ళింది. షాట్‌పుట్‌లో మూడుసార్లు ప్రపంచ చాంపియన్ అయిన వెర్నర్ గుంథోర్‌ని తయారుచేసిన పెద్దాయన ఆయన. మరుసటి సంవత్సరం 2011లో దేగు ప్రపంచ పోటీల్లో 21.24, అదే ఆమె జీవితపు అత్యుత్తమం. 1987లో లిసోవ్‌స్కాయా నెలకొల్పిన ప్రపంచ చాంపియన్‌షిప్ పోటీల రికార్డుని సెంటీమీటరు తేడా లేకుండా సమం చేసింది.

ఎవరిది తప్పు, ఎవరిది ఒప్పు అన్నది వాళ్ళిద్దరి సంగతి. నాకు పట్టింది వేరే. మన దగ్గర శిష్యురాలు వేరే కోచ్ దగ్గరికి వెళ్తే అది ద్రోహం కింద లెక్క. నా దగ్గర నాలుగేళ్ళున్న ఒక అమ్మాయి స్పోర్ట్స్ హాస్టల్లో సీటు వచ్చిందని వెళ్ళిపోతే ఆరు నెలలు ఆ పిల్ల ఫోన్ ఎత్తలేదు నేను. నేర్పినవాడిని మర్చిపోయింది అని ఊళ్ళో అందరికీ చెప్పుకున్నాను కూడా. తర్వాత తెలిసింది, ఆ ఆరు నెలల్లో ఆ పిల్ల మీటరు పైగా పెరిగింది, ఫోన్ చేసింది ఆ సంగతి నాకు చెప్పడానికే. పన్నెండేళ్ళ చెట్టుకైనా కుండీ మార్చాల్సిన రోజొకటి వస్తుంది, మార్చేవాళ్ళు వేరే అయినా పర్లేదు. ఇది నాకు కడుపులోకి దిగడానికి వాలెరీ కేసు కావాల్సి వచ్చింది.

ఇక 2012 లండన్. పోటీకి ముందు రోజు చూసుకుంటే స్టార్ట్ లిస్టులో ఆమె పేరు లేదు. డిఫెండింగ్ చాంపియన్ పేరు, సొంత జట్టు అధికారుల పొరపాటు వల్ల లేదు. సరిచేశారు, దింపారు, కానీ ఆ ముందు రోజు టెన్షన్ ఎలా ఉంటుందో రాష్ట్ర మీట్‌కి ఎంట్రీ ఫారం పోగొట్టుకున్న ఏ పిల్లనైనా అడగండి. ఆగస్టు 6న ఓస్తాప్‌చుక్ 21.36, వాలెరీ 20.70. వెండి మెడలో వేసుకుని కన్నీళ్ళు పెట్టుకుంది. సరిగ్గా వారానికి, 13న, ఓస్తాప్‌చుక్ నమూనాల్లో మెటెనొలోన్ అనే స్టెరాయిడ్ దొరికిందని ప్రకటించి స్వర్ణం వెనక్కి తీసుకున్నారు. వాలెరీకి ఆ బంగారం సెప్టెంబర్‌లో ఆక్లండ్‌లో, సొంత జనం మధ్య, గవర్నర్ జనరల్ చేతుల మీదుగా అందింది. మంచి సంగతే, కానీ స్టేడియంలో జెండా పైకి వెళ్తుంటే విని నిలబడాల్సిన పాట ఆ రాత్రికి పోయింది, అది ఇక రాదు.

ఇక్కడ ఒక లెక్క చెప్తాను, ఇది నాకు దొరికినప్పుడు కాసేపు కుర్చీలోంచి లేవలేకపోయాను. బీజింగ్‌లో పోడియం మీద ఆ రోజు నిలబడ్డది వాలెరీ, నటల్లియా మిఖ్‌నెవిచ్, ఓస్తాప్‌చుక్. లండన్‌లో ఓస్తాప్‌చుక్, వాలెరీ, రష్యాకి చెందిన యెవ్‌గేనియా కొలోద్‌కో. బీజింగ్ నమూనాలు ఏళ్ళ తర్వాత తిరిగి పరీక్షిస్తే మిఖ్‌నెవిచ్, ఓస్తాప్‌చుక్ ఇద్దరూ డోపింగ్‌లో దొరికి పతకాలు పోగొట్టుకున్నారు. లండన్ పతకం ఓస్తాప్‌చుక్‌ది వెంటనే పోయింది, కొలోద్‌కోది 2016లో పోయింది. రెండు ఒలింపిక్స్, ఆరు చోట్లు, అందులో నాలుగు చెరిపేశారు. మిగిలిన రెండూ వాలెరీవే. 2005 హెల్సింకి ప్రపంచ పోటీల్లో కూడా ఓస్తాప్‌చుక్ స్వర్ణం తర్వాత రద్దయింది, వాలెరీ కాంస్యం వెండి అయింది. పిల్లల తల్లిదండ్రులు వచ్చి "ఫలానా పౌడర్ వాడితే తొందరగా దూరం పెరుగుతుందట కదా సార్" అన్నప్పుడు నేను ఉపన్యాసం ఇవ్వను, ఈ ఆరు పేర్లు కాగితం మీద రాసి నాలుగు కొట్టేసి చూపిస్తాను.

2010 ఆగస్టు నుంచి 2015 జులై దాకా వరసగా 56 పోటీలు గెలిచింది అంటారు. నిజమే, కాకపోతే ఆ 56లో లండన్ కూడా ఉంది, ఆ రోజు మైదానంలో ఆమె రెండోదే. అంకెల వెనక ఇలాంటివి ఉంటాయి. ఆ వరస 2015లో పారిస్‌లో తెగింది, ఐదో స్థానం. అప్పటికి భుజం, మోచేయి ఆపరేషన్లు అయ్యాయి, ఆ తర్వాత మోకాలు, ఆ ఏడాది ప్రపంచ పోటీలకే వెళ్ళలేదు. పదిహేనేళ్ళకి పైగా 4 కేజీల ఇనుముని మెడ దగ్గర నుంచి తోస్తే కీళ్ళు బిల్లు పంపక మానవు.

అయినా 2016 రియోకి వచ్చింది. 20.42తో ముందు నడిచింది, ఐదు రౌండ్లయ్యేదాకా స్వర్ణం ఆమెదే. అమెరికా త్రోయర్ మిషెల్ కార్టర్, ఈమె కూడా గ్లైడ్ మనిషే, ఆఖరి త్రోలో 20.63 వేసేసింది. ముందున్న వాళ్ళకి ఆఖర్న వేసే అవకాశం ఉంటుంది కాబట్టి వాలెరీకి ఇంకో త్రో ఉంది, దాటలేకపోయింది. తేడా 21 సెంటీమీటర్లు. ఒసాకాలో తాను ఇంకొకరికి చేసిందే తొమ్మిదేళ్ళకి తనకి జరిగింది. పైన నా కాగితం లెక్కలో ఎత్తు ఇచ్చే లాభం ఎంతని చెప్పాను? ఇంచుమించు ఇంతే. ఒళ్ళే అన్నీ ఇస్తుందనుకునే మా పీఈటీ గారికి ఇది చూపిస్తే, "మరి కార్టర్ ఒళ్ళు చూశారా?" అన్నాడు. సరే, వదిలేశాను.

2017 అక్టోబర్‌లో పాప పుట్టింది. ఆరు నెలలకి, 2018 ఏప్రిల్‌లో, గోల్డ్‌కోస్ట్ కామన్వెల్త్ క్రీడల్లో 18.70 వేసి వెండి. అది ఓటమి అని రాసినవాళ్ళని చూస్తే నాకు నవ్వొచ్చింది. కాన్పయిన ఆరు నెలలకి నడుము, పొత్తికడుపు, తుంటి ఎలా ఉంటాయో, గ్లైడ్‌కి సరిగ్గా అవే ఎంత కావాలో తెలిస్తే ఆ 18.70 ఆమె జీవితంలో పెద్ద త్రోలలో ఒకటి అనిపిస్తుంది. మన దేశపు జాతీయ రికార్డు కూడా 18 మీటర్ల పైచిలుకే కదా. 2019లో బాబు. చివరి దశలో, న్యూజిలాండ్ షాట్‌పుట్ ఆటగాడు టామ్ వాల్ష్‌కి అప్పటి కోచ్ అయిన డేల్ స్టీవెన్‌సన్ దగ్గర పనిచేసి, ఏడాది వాయిదా పడ్డ టోక్యోకి 36 ఏళ్ళ వయసులో వచ్చింది. 2021 ఆగస్టు 1న 19.62. చైనా త్రోయర్ గాంగ్ లిజియావో 20.58తో స్వర్ణం, రేవెన్ సాండర్స్ 19.79తో వెండి, వాలెరీకి కాంస్యం. నాలుగో స్థానంలో పోర్చుగల్ త్రోయర్ 19.57, అంటే ఐదు సెంటీమీటర్లు అటూ ఇటూ అయితే ఉత్త చేతులే. పతకం ఖాయమయ్యాక పిల్లలిద్దరి ఫొటో పట్టుకుని నిలబడింది. 2022 మార్చి 1న రిటైర్ అయింది.

ఈ కేసులో అందరూ మర్చిపోయే తోక ఒకటుంది. చెల్లెలు లీసా ఆడమ్స్‌కి సెరెబ్రల్ పాల్సీ. అప్పట్లో ఆమెకి షాట్‌పుట్ కోచ్ వాలెరీనే. టోక్యోలోనే, అక్క కాంస్యం గెలిచిన నెలలోనే, పారాలింపిక్స్‌లో ఎఫ్37 అనే, సెరెబ్రల్ పాల్సీ లాంటివి ఉన్నవాళ్ళ విభాగంలో లీసా స్వర్ణం గెలిచింది. తాను ఆడుతూ, ఇద్దరు చిన్నపిల్లల్ని చూసుకుంటూ, ఇంకొకరికి కోచింగ్ ఇవ్వడం! నేను ఉద్యోగం చేసుకుంటూ సాయంత్రం రెండు గంటలు గ్రౌండ్‌కి రావడానికే ఇంట్లో మాటలు పడుతుంటాను.

మనం ఎత్తి తెచ్చుకోలేనివి ఈ కేసులో చాలా ఉన్నాయని ఒప్పుకోవాలి. ఆ రక్తం, పద్నాలుగేళ్ళకే ఒకే పిల్ల మీద దృష్టి పెట్టే కోచ్, విదేశంలో ఉండి శిక్షణ తీసుకునే వెసులుబాటు, ఆపరేషన్ తర్వాత చూసుకునే వైద్య బృందం. మాకు స్టాప్ బోర్డు ఊడిపోతే మేకులు కొట్టి నిలబెట్టుకోవడమే. కానీ ఒక్కటి మాత్రం తెచ్చుకున్నాను. ఇదివరకు పిల్లల నోటుబుక్కుల్లో ఒకే అంకె రాయించేవాణ్ణి, ఆ రోజు బెస్ట్ ఎంత అని. ఇప్పుడు ఆరు గళ్ళు గీయిస్తున్నాను. ఆరు త్రోలూ రాయాలి, ఫౌల్ అయితే ఎక్స్ పెట్టాలి, ఏడో గడిలో ఆరింటిలో అతి తక్కువది మళ్ళీ విడిగా రాయాలి. ప్రతి శనివారం నేను అడిగేది ఆ ఏడో గడి ఒక్కటే. మొదట్లో పిల్లలకి నచ్చలేదు, "బెస్ట్ అడగండి సార్" అని గొడవ. పోయిన శనివారం ఒక తొమ్మిదో తరగతి పిల్ల నోటుబుక్కు తెచ్చి చూపించింది. 11.40, 11.52, ఎక్స్, 11.38, 11.61, 11.44. ఏడో గడి దగ్గర పెన్ను ఆపి, "ఎక్స్ ఉంటే తక్కువది ఏం రాయాలి సార్, సున్నానా?" అని అడిగింది. సున్నానే రాయమన్నాను.